మూడొందల కిలోల టేకు చేప దొరికింది సరే, మెకాంగ్ సంగతేంటి?

2022 జూన్ 13 రాత్రి ఉత్తర కంబోడియాలోని స్టుంగ్ ట్రెంగ్ ప్రావిన్సులో, మెకాంగ్ నది మధ్యనున్న కో ప్రేహ్ అనే లంక దగ్గర ఒక జాలరి గాలానికి టేకు చేప (ఇంగ్లీషులో స్టింగ్‌రే) తగిలింది. ముట్టె నుంచి తోక చివరి దాకా 3.98 మీటర్లు, అడ్డంగా 2.2 మీటర్లు, బరువు 300 కిలోలు. ఒడ్డుకు చేర్చడానికి డజను మంది పట్టారు. కబురందుకున్న శాస్త్రవేత్తలు వచ్చి కొలిచి, తూచి, తోక దగ్గర శబ్ద సంకేతాలు పంపే ట్యాగ్ పెట్టి, మర్నాడు మళ్లీ నదిలోకే వదిలేశారు. ఊరివాళ్లు దానికి బోరమీ అని పేరు పెట్టారు, ఖ్మేర్ భాషలో నిండు పున్నమి అని. 2005లో ఉత్తర థాయ్‌లాండ్‌లో దొరికిన 293 కిలోల రాకాసి జెల్ల పేరిట ఉన్న రికార్డు దీంతో చెరిగిపోయింది. బోరమీ గిన్నిస్‌కెక్కింది.

ఈ వార్త మన పేపర్లలోనూ వచ్చింది. అప్పుడు చాలామందికి వచ్చిన అనుమానం ఒకటే. ఒకే వార్తలో ‘ప్రపంచంలోనే అతిపెద్ద మంచినీటి చేప’ అంటారు, కింది పేరాలో ‘అంతరించిపోయే ప్రమాదంలో ఉంది’ అంటారు. అంత పెద్దది దొరికిందంటే నది బాగున్నట్టే కదా? నిజానికి ఈ రెండు మాటలకూ పొసగకపోవడమంటూ లేదు. కాకపోతే ఎందుకు పొసగుతాయో చెప్పాలంటే ముందు చేప గురించి, తర్వాత నది గురించి కాస్త ఓపిగ్గా మాట్లాడుకోవాలి. వార్తల్లో మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు.

విశాఖ, కాకినాడ రేవుల్లో టేకు చేప చూడనివాళ్లు తక్కువ. అది సముద్రపు టేకు. మెకాంగ్‌లోది దానికి దాయాది, సొరచేపకు దూరపు చుట్టం. ఒంట్లో ఎముకన్నది ఉండదు, అంతా మృదులాస్థే. సముద్రంలో ఉండే సొరలు, టేకులు ఆ ఉప్పును తట్టుకోవడానికి రక్తంలో యూరియా నిలవ ఉంచుకుంటాయి. కూరకు తెచ్చిన సొర కాస్త ఆలస్యమైతే అమ్మోనియా కంపు కొట్టేది అందుకే. మంచినీళ్లకు అలవాటుపడ్డ టేకులు ఆ యూరియాను బాగా తగ్గించుకున్నాయి. కానీ శరీరం కట్టు మాత్రం అదే. చాటంత పళ్లెంలాంటి ఒళ్లు, వెనక కొరడాలాంటి తోక. పైన మట్టిరంగు, కింద తెలుపు, ఆ తెలుపు అంచుల్లో ముదురు చార. నోరు, మొప్పల చీలికలు కింది వైపు ఉంటాయి. ఇసుకలో ఒళ్లు దాచుకుని కూర్చునే జీవికి కింది నుంచి నీళ్లు పీలిస్తే బురద కూడా లోపలికే పోతుంది. అందుకని కళ్ల వెనక రెండు రంధ్రాలున్నాయి, వాటితో పైనుంచి నీళ్లు లాగుతుంది. బురద నీళ్లలో కళ్లకు పెద్దగా పని లేదు. నత్త, రొయ్య, వానపాము, చిన్న చేప, ఏదైనా సరే, దాని ఒంటి నుంచి వెలువడే సన్నటి విద్యుత్తును పసిగట్టి పట్టేస్తుంది.

తోక మీది ముల్లు 38 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. టేకు జాతులన్నిటిలోకీ ఇదే పొడుగు. రంపపు పళ్లు, పైన విషపు పొర. అయితే ఇది మనిషి మీదికొచ్చే రకం కాదు. పట్టుకున్నవాళ్లు ముందు చేసే పని ఆ ముల్లుకు గుడ్డ చుట్టడం. అక్కడితో సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మన నదుల్లో బొచ్చె, రోహు లక్షల్లో గుడ్లు పెడతాయి. ఒక ఏడు వల ఎక్కువ తిరిగినా, మరుసటి ఏడు వానలు బాగుంటే మళ్లీ పుంజుకుంటాయి. ఈ టేకు గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. కాన్పుకు ఒకటి నుంచి నాలుగు పిల్లలు, పుట్టేటప్పటికే ఒక్కొక్కటీ అడుగు వెడల్పు. ఆ పిల్ల మీటరు దాటి వెడల్పయితే గానీ ఈడుకు రాదు. అంటే నాలుగు మీటర్ల ఆడ టేకు ఒకటి నదిలో తిరుగుతోందంటే ఎన్నో ఏళ్లపాటు గాలాలు, వలలు తప్పించుకుని బతికిందని అర్థం. దాని వెనక కుర్రకారు ఎంతమంది ఉన్నారన్నది దాని బరువు చెప్పదు. ఊళ్లో తొంభై ఏళ్ల ముసలమ్మ ఆరోగ్యంగా ఉందని ఆ ఊరి బడిలో పిల్లలు నిండుగా ఉన్నారనుకోలేం కదా. ఇంకో చిక్కుంది. గాలానికి తగిలి గంటలకొద్దీ పెనుగులాడిన చూలు టేకు చాలాసార్లు నెలలు నిండకుండానే ఈనేస్తుంది. తల్లిని క్షేమంగా వదిలినా ఆ కాన్పు పోయినట్టే.

ఈ జాతికి శాస్త్రీయ నామం యూరోజిమ్నస్ పాలిలెపిస్. మొదట వర్ణించింది పీటర్ బ్లీకర్ అనే డచ్చి సైనిక వైద్యుడు, 1852లో, ఇప్పటి జకార్తాలో దొరికిన ఒక పిల్ల టేకును చూసి. తర్వాత దాన్ని అందరూ మర్చిపోయారు. 1990లో థాయ్‌లాండ్ చావోఫ్రయా నదిలోని పెద్ద టేకును కొత్త జాతి అనుకుని ఇంకో పేరు పెట్టారు. రెండూ ఒకటేనని 2008లో గానీ తేలలేదు. దాన్ని కాపాడే పని అప్పటికే ఆలస్యమైంది. ఇండోనేషియా, మలేషియాల్లో బోర్నియో ద్వీపపు మహాకం, కినాబటాంగన్ నదులు, థాయ్‌లాండ్‌లో చావోఫ్రయా, మేక్లాంగ్, ఇటు మెకాంగ్, ఇవీ దాని తావులు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో దీన్ని ప్రమాదంలో ఉన్న జాతిగా చూపిస్తోంది.

‘అతిపెద్ద మంచినీటి చేప’ అనే బిరుదు మీద కూడా ఒక మాట. కాస్పియన్ ప్రాంతపు బెలూగా స్టర్జన్ టన్ను దాటి తూగిన సందర్భాలున్నాయి. అది సముద్రంలోనూ కాలం గడుపుతుందని లెక్కలోంచి తీసేశారు. మరి ఈ టేకు కూడా కొన్నిచోట్ల నది సముద్రంలో కలిసే ఉప్పు నీళ్లలో కనిపిస్తుంది. బిరుదులు మనం ఇచ్చుకునేవి, వాటి గీతలు కూడా మనం గీసుకునేవే.

నది సంగతికొద్దాం. మెకాంగ్ టిబెట్ పీఠభూమిలో పుట్టి, చైనా, మయన్మార్, లావోస్, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం, ఆరు దేశాల మీదుగా నాలుగు వేల కిలోమీటర్లకు పైగా ప్రవహిస్తుంది. వెయ్యికి పైగా చేపజాతులు. లావోస్ సరిహద్దు దాటి కంబోడియాలోకి దిగాక స్టుంగ్ ట్రెంగ్, క్రాటీ ప్రావిన్సుల మధ్య నది పాయలు పాయలుగా చీలి, లంకలు, ఇసుక తిన్నెలు, నీట మునిగిన అడవుల మధ్య నుంచి పోతుంది. ఇక్కడే లోతైన మడుగులున్నాయి. 2022లో శాస్త్రవేత్తలు కొలిచినప్పుడు కొన్ని 80 మీటర్ల దాకా లోతు తేలాయి. పాతిక అంతస్తుల బిల్డింగు నిలువునా మునిగిపోయేంత.

ఎండాకాలంలో నది సన్నబడ్డప్పుడు చేపలన్నీ తలదాచుకునేది ఈ మడుగుల్లోనే. వరదొచ్చినప్పుడు బయటికి వెళ్లి పొలాల్లో, అడవుల్లో మేసి, గుడ్లు పెట్టి, నీళ్లు తగ్గగానే తిరిగొస్తాయి. టేకుకు ఇది ఇల్లూ, వంటిల్లూ. దిగొచ్చిన చేపలు, అడుగున ఇసుకలో పెరిగే నత్తలు, ఆల్చిప్పలు అన్నీ అందుబాటులో ఉంటాయి. 2022 మే నెలలో 180 కిలోల టేకు ఒకటి ఇక్కడ దొరికింది. గాలానికున్న ఎరను ముందు ఒక చిన్న చేప మింగింది, ఆ చేపను టేకు మింగింది. ఆ జాలరి కోరుకున్నది చిన్న చేపనే.

ఈ మడుగుల్లో టేకుకు పొరుగువారు ఐరావతీ డాల్ఫిన్లు. దీనికి మనతో నిజమైన సంబంధం ఒకటుంది. 1866లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త రిచర్డ్ ఓవెన్ ఈ డాల్ఫిన్ జాతిని వర్ణించింది 1852లో విశాఖపట్నం రేవులో దొరికిన ఒక నమూనా ఆధారంగా. జకార్తాలో బ్లీకర్ టేకు, విశాఖలో డాల్ఫిన్, రెండూ ఒకే ఏడాది. అదే ఏడాది గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కూడా పూర్తయింది. కాకతాళీయమే, అయినా నాకు సరదాగా అనిపించింది. చిలికా సరస్సులో ఈ డాల్ఫిన్లు ఇప్పటికీ ఉన్నాయి. మెకాంగ్‌లో వంద చుట్టుపక్కలే మిగిలాయి. కంబోడియా–లావోస్ సరిహద్దు మడుగులో ఉన్న చిట్టచివరిది 2022 ఫిబ్రవరిలో చచ్చిపోయింది. వలలో చిక్కుకుని గాయపడ్డ డాల్ఫిన్ అది.

మెకాంగ్‌ను వరదే నడిపిస్తుంది. వానాకాలంలో నది పొంగి కంబోడియా రాజధాని నాంపెన్ దగ్గరికొచ్చేసరికి నీటి బరువుకు టోన్లే సాప్ అనే ఉపనది వెనక్కి తిరుగుతుంది. మామూలుగా టోన్లే సాప్ సరస్సు నుంచి మెకాంగ్‌లోకి పారాల్సింది, నాలుగైదు నెలలు మెకాంగ్ నుంచి సరస్సులోకి పారుతుంది. ఎండాకాలంలో మూడు వేల చదరపు కిలోమీటర్ల లోపుండే సరస్సు పది వేలు దాటి విస్తరిస్తుంది. ఆ నీటి వెంట కోట్ల చేపపిల్లలు అడవుల్లోకి కొట్టుకుపోయి, అక్కడ మేసి పెరిగి, నీళ్లు తీసేటప్పుడు నదిలోకి దిగుతాయి. కంబోడియా జనానికి మాంసాహారం ద్వారా అందే మాంసకృత్తుల్లో ఎక్కువ వంతు దీన్నుంచి వచ్చేదే. మెకాంగ్ మడుగుల్లోకి చేరేదీ ఈ మేతే.

ఇక డ్యాములు. డ్యాము కట్టారు, చేపకు అడ్డం పడింది అని ఒక్క ముక్కలో తేల్చేయడం మనకు అలవాటు. పులస విషయంలో అది చాలావరకు నిజం. ఎర్రనీటితో పాటు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చి, ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. పుస్తెలమ్మి కొనేవాళ్లు కూడా దాన్ని బ్యారేజీ కింద పట్టిందే కొనాలి. టేకు మాత్రం గుడ్లు పెట్టడానికి పరుగులు తీసే చేప కాదు. గోడ కట్టగానే దాని సంసారం ఆగిపోదు. గోడ రెండు పక్కలా మిగిలినవి రెండు చిన్న గుంపులుగా విడిపోతాయి, అంతే. చావోఫ్రయా మీద చైనాట్ దగ్గర 1957లో కట్టిన డ్యాము లాంటివి చేసిన నష్టం ఇదే. మెకాంగ్‌లో డ్యాముల దెబ్బ ఇంతకన్నా చుట్టు తిరిగి తగులుతుంది.

ఎగువన చైనా ప్రధాన నది మీదే వరసగా పెద్ద డ్యాములు కట్టింది. వాటిలో షియావోవాన్, నువోజాదు అన్నిటికన్నా పెద్దవి. కరెంటు ఏడాది పొడుగునా కావాలి కాబట్టి వానాకాలపు నీళ్లు పట్టి ఉంచుతారు, ఎండాకాలంలో వదులుతారు. లెక్క ప్రకారం ఏడాది మొత్తం మీద నీళ్లు అవే. కానీ వరద ఎత్తు తగ్గింది, ఎండాకాలపు నది కొంచెం నిండుగా పారుతోంది. వినడానికి ఇది మేలే అనిపిస్తుంది. వరద పూర్తిగా లేవకపోతే టోన్లే సాప్ ఆలస్యంగా తిరుగుతుంది, తొందరగా తగ్గుతుంది. చేపపిల్లలకు మేసే రోజులు తగ్గుతాయి. ఆ లోటు చివరికి మడుగులో ఉన్న టేకు నోటి దాకా వస్తుంది. 2019లో వానలు కూడా ముఖం చాటేశాయి, జూలైలో మెకాంగ్ ఎన్నడూ లేనంత కిందికి పడిపోయింది.

రెండోది ఒండ్రు. ఒకప్పుడు ఏటా దాదాపు 16 కోట్ల టన్నుల మట్టి, ఇసుక ఈ నదిలో కొట్టుకొచ్చేవి. డ్యాముల వెనక నీళ్లు నిలిస్తే మట్టి అక్కడే దిగబడుతుంది. 2019 చివర్లో థాయ్–లావోస్ సరిహద్దులో, ఎప్పుడూ గోధుమరంగులో ఉండే మెకాంగ్ నీలంగా మారితే టూరిస్టులు ఫోటోలు దిగారు. నది ఒడ్డున ఉండేవాళ్లకు గుండెల్లో రాయి పడింది. మట్టి లేని నీరు గట్లను, అడుగును కోసుకుంటూ పోతుంది. అనుకున్న డ్యాములన్నీ కడితే 2040 నాటికి డెల్టాకు చేరే ఒండ్రు 97 శాతం తగ్గుతుందని మెకాంగ్ నదీ సంఘం 2018లో లెక్కకట్టింది. ఇది చాలదన్నట్టు నాంపెన్ చుట్టుపక్కల, దిగువన వియత్నాంలో బిల్డింగుల కోసం ఇసుక తోడేస్తున్నారు. ఇసుకలో దాక్కునే, ఇసుకలో మేసే జీవికి ఇసుకే కరువైతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

దగ్గర్లోనే ఇంకా రెండు డ్యాములున్నాయి. స్టుంగ్ ట్రెంగ్ ప్రావిన్సులోనే సెసాన్, స్రేపోక్ ఉపనదులు కలిసేచోటికి కాస్త దిగువన కట్టిన 400 మెగావాట్ల లోయర్ సెసాన్–2 డ్యాము 2018లో ప్రారంభమైంది. సరిహద్దుకు రెండు కిలోమీటర్ల లోపే, లావోస్ వైపు, డాన్ సాహోంగ్ 2020లో మొదలైంది. ఖోన్ జలపాతాల దగ్గర నది అనేక పాయలుగా దూకుతుంది. వాటిలో ఏడాది పొడుగునా చేపలు తేలిగ్గా ఎక్కి దిగగలిగే పాయ హూ సాహోంగ్. సరిగ్గా దాని మీదే కట్టారు. ఎవరిని తప్పుపట్టాలన్నా అంత సులువు కాదు. లావోస్ పేద దేశం, అమ్ముకోవడానికి నీళ్లే ఉన్నాయి. ఎగువన సయాబురి డ్యాములో పుట్టే కరెంటులో 95 శాతం థాయ్‌లాండ్ కొంటుంది. బ్యాంకాక్ మాల్‌లో ఏసీ నడిస్తే ఆ బిల్లులో కొంత మెకాంగ్ చేప కడుతుంది. 1995లో పుట్టిన మెకాంగ్ నదీ సంఘంలో కంబోడియా, లావోస్, థాయ్‌లాండ్, వియత్నాం సభ్యులు. ఎగువన ఉన్న చైనా, మయన్మార్ చర్చలకు వస్తాయి తప్ప సభ్యులు కావు. కృష్ణా నీళ్ల పంచాయితీ చూస్తూ పెరిగినవాళ్లకు ఇందులో ఉన్న తిరకాసు వివరించే పని లేదు. మనకు కనీసం తీర్పు చెప్పే ట్రైబ్యునల్ ఉంది. ఆ సంఘానికి ఎవరినీ ఆపే అధికారం లేదు.

ఇదంతా ఏళ్ల తరబడి జరిగే నష్టం. రాత్రికి రాత్రి జరిగేది కూడా ఉంది. 2016 అక్టోబరులో థాయ్‌లాండ్ మేక్లాంగ్ నదిలో దాదాపు 70 రాకాసి టేకులు చచ్చి తేలాయి. అనుమానం నీళ్లలోకి చేరిన వ్యర్థాల మీదికే పోయింది. నాలుగు పిల్లల్ని కనే జాతికి డెబ్బై చావులంటే ఎన్ని ఏళ్లు వెనక్కి పోయినట్టో ఊహించుకోవచ్చు.  తొట్లలో పెంచి పిల్లల్ని పుట్టిద్దామని థాయ్‌లాండ్ 1990ల్లో ప్రయత్నించింది గానీ అది ముందుకు సాగలేదు.

మూడో రకం, అందరికీ కనిపించేది, గాలం. మడుగులో వరసగా గాలాలు కట్టిన తాడు పరిచి రాత్రంతా వదిలేస్తారు. ఏది తగిలితే అది. టేకు కోసం వేసేది కాదు, అయినా టేకే ఎక్కువ సులువుగా తగులుతుంది, అడుగున మేసేది కాబట్టి.

అందుకే రికార్డు వార్త చదివినప్పుడు నాకు ఒక చిరాకు. ‘వదిలేశారు, బతికిపోయింది’ అనగానే కథ సుఖాంతమైపోయినట్టు రాస్తారు. వదలడం వల్ల తీరేది గాలం సమస్య ఒక్కటే, అదీ ఆ రాత్రికి. విషాన్ని ఆపాలంటే ఫ్యాక్టరీల మీద నిఘా కావాలి. వరద, ఒండ్రు నిలవాలంటే నాలుగు దేశాల ఇంధన శాఖలు, ఎగువన చైనా ఒప్పుకోవాలి. ఈ మూడు పనులూ మూడు వేర్వేరు చోట్ల జరగాలి, ఒకటి జరిగిందని రెండోది ఆగదు. మడుగు బాగుండి గాలాలు ఆగకపోయినా టేకు పోతుంది. గాలాలు ఆగి ఒండ్రు ఆగిపోయినా పోతుంది, కాకపోతే కాస్త నిదానంగా.

నిదానంగా పోవడమంటే ఏంటో యాంగ్‌ట్సీ నది చూపించింది. చైనా తెడ్డుముక్కు చేప కూడా ఇలాంటి రాకాసే. 1981లో గెజౌబా డ్యాముతో దాని దారి మూసుకుపోయింది. తర్వాత ఇరవై ఏళ్లు పెద్దవి అక్కడక్కడా కనిపిస్తూనే ఉన్నాయి, అందరూ ఉందిలే అనుకున్నారు. 2003లో చివరిసారి కనిపించింది. 2022లో అంతరించిందని ప్రకటించారు. ప్రపంచవ్యాప్తంగా పెద్ద మంచినీటి జీవుల సంఖ్య 1970–2012 మధ్య 88 శాతం పడిపోయిందని 2019లో ఒక అధ్యయనం తేల్చింది. పెద్ద చేపల్లో అయితే 94 శాతం.

అయినా స్టుంగ్ ట్రెంగ్–క్రాటీ మధ్య ఆశ పెట్టుకోవడానికి కారణం ఉంది. అక్కడ ప్రధాన నది మీద ఇప్పటిదాకా అడ్డుగోడ లేదు. సాంబోర్ దగ్గర 2,600 మెగావాట్ల డ్యాము కట్టాలన్న ఆలోచన ఏళ్లుగా నడిచింది. 2020 మార్చిలో కంబోడియా పదేళ్లపాటు మెకాంగ్ మీద డ్యాములు కట్టబోమని ప్రకటించింది. బొగ్గు కరెంటు వైపు కూడా మళ్లిందనుకోండి, అది వేరే తలనొప్పి. 2024 డిసెంబరులో ఐదు రోజుల్లో ఆరు రాకాసి జెల్లలు కంబోడియాలో దొరికితే ట్యాగులేసి వదిలారు. డ్యాములు కట్టబోమన్న ఆ పదేళ్లు 2030తో అయిపోతాయి.

బోరమీ రాత్రి జరిగిన దాన్లో ఎక్కువమంది పట్టించుకోని వివరం ఒకటుంది. అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయానికి చెందిన జెబ్ హోగన్ బృందం, కంబోడియా మత్స్యశాఖ కలిసి, పెద్ద చేప దొరికితే ఫోన్ చేయమని మెకాంగ్ ఒడ్డు ఊళ్లలో ముందే చెప్పి పెట్టుకున్నారు. ఆ జాలరి ఫోన్ చేశాడు. మార్కెట్లో అమ్మితే వచ్చేంత, దాదాపు 600 డాలర్లు, అతని చేతికిచ్చారు. జాలరికి నష్టం లేకుండా చేపను వదిలించడం ఎంత తెలివైన పనో గోదావరి గట్టున పులస పట్టేవాళ్లను అడిగితే చెబుతారు. పర్యావరణం గురించి ఉపన్యాసం ఇచ్చి 300 కిలోల చేపను వదిలేయమంటే ఎవరు వింటారు? కాకపోతే ఆ ప్రాజెక్టుకు డబ్బు ప్రధానంగా అమెరికా ప్రభుత్వపు యూఎస్ఎయిడ్ నుంచి వచ్చేది. ఆ సంస్థ 2025 జూలై 1న మూతపడింది. ఇకమీదట రాత్రిపూట అలాంటి ఫోన్ వస్తే ఆ 600 డాలర్లు ఎవరి జేబులోంచి రావాలన్నది కంబోడియా ప్రభుత్వం తేల్చుకోవాల్సిన విషయం. డ్యాములతో పోలిస్తే ఇది చాలా చిన్న ఖర్చు, దీనికి చైనాతో మాట్లాడాల్సిన పని కూడా లేదు.